రెండో జేబు

జూలై. మోంటెవిడియోలో చలికాలం.
రేవు మీది గాలి నా మందుల కొట్టు తలుపును
మోకాలితో తోసినట్టు తోస్తోంది.

ఎవారిస్టో వచ్చాడు.
చంకలో వేణ్ణీళ్ల ఫ్లాస్కు, చేతిలో మాతె తాగే సొరబుర్ర,
గొంతులో పదిరోజుల దగ్గు.
క్రేను నడిపిన చేతులు.
చీటీని కౌంటరు మీద పెట్టి అరచేత్తో సాపు చేశాడు.
క్లారిథ్రోమైసిన్, రోజుకు రెండు, వారం.

"రెండో జేబులో ఏముంది?" అన్నాను.

నవ్వాడు. మొదట అందరూ నవ్వుతారు.
తర్వాత కోటు లోపల ఎడమ పక్క తడిమి
నలిగిన రేకు ఒకటి తీశాడు.
సిటలోప్రామ్. సగం ఖాళీ.
"ఇది దగ్గుకు కాదు సెన్యోరా,
ఇది ఆదివారాలకు."

ఒక ఒరలో రెండు కత్తులంటారు గానీ
ఇవి కత్తులు కావు, ఇద్దరూ పెద్దమనుషులే.
ఒకే గుమ్మంలో ఎదురుపడి
మీరు ముందంటే మీరు ముందని నిలబడిపోతారు.
వెనకాల గుండె, బుట్టతో, వేచి ఉంటుంది.
దెబ్బకీ దెబ్బకీ నడుమ అది సర్దుకునే చిన్న జాగా
తడిసిన ఊలు చొక్కా చెయ్యిలా సాగుతుంది.
సాగిన చోట వేళ కాని వేళ ఒక్క దెబ్బ పడిందా,
దారం మెలి తిరుగుతుంది.

ఇదంతా అతనికి చెప్పలేదు.
ఒడిలియా సంగతీ చెప్పలేదు.

పదకొండేళ్ల కిందట, శనివారం, షట్టరు సగం దించాక
కుట్టుపనావిడ, వేళ్లకు సుద్ద అంటుకుని,
ఇలాంటి చీటీతోనే వచ్చింది.
నేను అడగలేదు. చిల్లర మాత్రం సరిగ్గా లెక్కపెట్టి ఇచ్చాను.
మంగళవారం ఆమె కుక్కను పక్కింటి కుర్రాడు తిప్పుతూ కనిపించాడు.
కాగితం మీద "గుండె" అని రాశారట.
అది కారణమా, చిరునామానా?
నన్నెవరూ ఏమీ అనలేదు.
మందులు కాకపోవచ్చు కూడా.
ఆ "కాకపోవచ్చు" పక్కనే రోజూ పడుకుంటాను.

"నా గుండెకేం, గుర్రం" అంటున్నాడు ఎవారిస్టో.
నేను డాక్టరుకు ఫోన్ చేశాను.
ఎత్తలేదు. మళ్లీ చేశాను.
మోగుతోంది. ఒకే ఎడంతో, ఒకే ఎడంతో,
నాలుగు, అయిదు,
ఆరోదానికి ముందు ఆ ఖాళీలో
అతను సొరబుర్రలో నీళ్లు పోసి
నాకు అందించాడు.