ఒక పంటికి నాలుగు పేజీలు

నా ఫోను కవరు వెనక
ఒక పంటి టికెట్టు ఉంది.
జూలై నెలది. చెమటకి అంకెలు పోయాయి.
పారేద్దామనుకుంటూనే ఉన్నాను.

పదకొండేళ్ళు
నరసాపురం రేవు నుంచి సఖినేటిపల్లి రేవుకి,
సొసైటీ ఆఫీసు లెక్కల దగ్గరికి,
పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి వశిష్ఠ దాటాను.
నా కొలత ఒకటే: ఒక పంటికి నాలుగు పేజీలు.
ఇసక మేటేసిన ఏడు చుట్టు తిరిగి వెళ్ళేది,
అప్పుడు ఆరు.
లావు నవలైతే చలికాలమంతా పట్టేది.
గుర్తుకి టికెట్టే.
ఇప్పటికీ ఏ పుస్తకం దులిపినా
నా టికెట్లే రాలతాయని
లైబ్రరీ ఆదిశేషు గారు దెప్పుతుంటారు.

గోదారిని చూస్తూ చదివేదాన్నని చెప్పుకుంటే బాగుంటుంది.
అబద్ధం.
మోటారు సైకిళ్ళకీ రొయ్యల ట్రేలకీ మధ్య ఇరుక్కుని
తల ఎత్తేదాన్ని కాదు.
కాబట్టి ఫోనొచ్చి గోదారిని ఎత్తుకుపోయిందని
నేను అనలేను.
పోయినవి ఆ నాలుగు పేజీలే.
ఒకరోజు చూసుకుంటే అవతలి రేవులో ఉన్నాను,
కళ్ళ నిండా
ఎవరిదో గృహప్రవేశం, ఎవరో వండిన చేపల పులుసు,
ఎండలు ముదురుతాయన్న వార్త మూడుసార్లు.
సంచిలో పుస్తకం,
నిన్నటి టికెట్టు నిన్నటి పేజీలోనే.

బొటనవేలిది వేరే బతుకైపోయింది.
అన్నం కలిపేటప్పుడు కూడా
మెతుకుల్ని పైకి పైకి తోస్తుంది.
మొన్న చూపుడువేలు నాలిక్కి తాకించి
అద్దం మీద పేజీ తిప్పబోయాను.
పక్కన కుర్రాడు నవ్వాపుకుని నీళ్ళవైపు తిరిగాడు.
అంతకుముందు వారం, కాగితం పుస్తకంలో,
తెలీని మాట మీద వేలు నొక్కిపట్టి
అర్థం కోసం
ఎంతసేపు చూశానో!

ఆగస్టులో ఎర్రనీరు వచ్చింది. పంట్లు ఆపేశారు.
పాలకొల్లు మీదుగా, చించినాడ వంతెన మీదుగా
చుట్టుదారిన బస్సు.
బస్సులో చదివితే నాకు కడుపులో తిప్పుతుంది,
చెవిలో పెట్టుకున్నాను.
ఫోనే చదువుతుంది, తెలుగే.
తడబడదు.
పెళ్ళి కబురైనా చావు కబురైనా
ఒకటే మర్యాద.

మా వీధిలో చదవడానికి కూలి ఉండేది.
లేసు అల్లే పదిమంది,
చేతులకి తీరిక లేదు, చెవులు ఖాళీ.
నాకు తొమ్మిదేళ్ళు. వారపత్రిక నా ఒళ్ళో.
నా వంతు గొలుసు పేరంటాలత్త అల్లిపెట్టేది.
ఏడుపొచ్చే చోట సువార్తమ్మ సూది ఆగేది,
నేనూ ఆగేదాన్ని.
ఆగమని ఎవరూ చెప్పలేదు.
"ఊఁ, చదవ్వే" అనేదాకా
అరుగు మీద దారపుండ దొర్లే చప్పుడే.
ఒక వారం
అందరికీ ఇష్టమైనవాడు చచ్చిపోయాడు.
నాకు నోరు రాలేదు, బతికించి చదివేశాను.
ఇక అక్కణ్ణించి నా పాట్లు!
అచ్చులో లేని మనిషిని
వారం వారం ఏదో ఒక పని మీద
పొరుగూరు పంపిస్తూ వచ్చాను.
పేరంటాలత్తకి తెలిసే ఉంటుంది.
గొలుసు మాత్రం తగ్గించలేదు.

పక్క సీట్లో ఆవిడ
ఎండుచేపల తట్ట కాళ్ళ దగ్గర సర్దుకుని
"ఏం ఇంటన్నారండీ?" అంది.
రెండో ముక్క ఆవిడ చెవిలో పెట్టాను.
వంతెన ఎక్కాం. కింద మట్టినీళ్ళు,
కొబ్బరి మొదలొకటి వేళ్ళతో సహా కొట్టుకుపోతోంది.
ఆవిడ కాసేపు విని,
"మజ్జలో ఊపిరి తీసుకోదేంటండీ ఈవిడ?"

ఆపేశాను.
ఎక్కడ ఆపానో ఫోనుకి తెలుసు,
దానికి టికెట్టు అక్కర్లేదు.
ఆవిడే ఊరుకోలేదు.
"మరి ఆ పిల్ల ఏటయ్యిందండీ?"

నాకూ తెలీదు.
దిండి వచ్చేస్తోంది, ఆవిడ దిగిపోతుంది.
తట్ట మీద చెయ్యి వేసి
నా నోటివైపే చూస్తోంది.