రాగి మేకు చుక్క

బడికి వెబ్‌సైట్ వచ్చిన మార్చి నెలలో
హెడ్మిస్ట్రెస్ ఎడెల్మిరా నా బల్ల మీద కాగితాల కట్ట పడేసి
"అందరికీ తెలియాలి, క్లోరిందా" అంది.
అందరూ అంటే,
చిలోయే పక్కన ఆవగింజంత మా దీవిలో నలభై మూడు ఇళ్లు,
ఎదురు దీవిలో పదిహేడు,
సాల్మన్ చేపల పంజరాల మీద తేలే గుడిసెల్లో ఉండి
పక్షానికోసారి ఒడ్డు తొక్కే తండ్రులు,
ఇంకా వాన.

వానకి చెప్పక్కర్లేకపోయింది.
గోడలకు నేనంటించినవన్నీ అదే ముందు చదివి
సిరా తాగేసి పోయింది.

రొట్టెల కొట్టువాణ్ని బతిమాలి సంచుల మీద అడ్రసు ముద్ర వేయించాను.
ఆ సంచులతో పొయ్యి రాజేసుకున్నారు.
ఆదివారం ఫాదర్ చేత చర్చిలో చదివించాను.
చుక్క దగ్గర ఆయన ఊపిరి పీల్చుకుంటే
అయిపోయిందనుకుని జనం "ఆమెన్" అన్నారు.
బంగాళదుంపలు తవ్వే చోటికీ వెళ్లాను.
"బడి ఎక్కడుందో మాకు తెలీదా ఏమిటి,
మా తాత దుంగలు మోసి కట్టిందేగా!"
అంటూ రోసెన్దా నా కాగితం అందుకుని
దుంప మీది బురద తుడిచింది.

రాత్రిళ్లు లెక్క చూసేదాన్ని.
ఎందరు వచ్చారో చెప్పే అంకె ఒకటి మూలన ఉంటుంది.
పదకొండు.
పదకొండుసార్లూ నేనే.
విందుకి ఊరంతా పిలిచి
తానే తిని తానే గిన్నెలు తోముకున్నట్టు.

ఏప్రిల్‌లో ఓ గురువారం
నేను తెరవకుండానే అది పన్నెండైంది.

ఎవరు? తల్లుల్ని ఒక్కొక్కర్నీ అడిగాను.
కోడి పోయిందని అడిగినట్టు చూశారు.
మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే.
సరిగ్గా పన్నెండున్నరకి, ఒక్క మనిషి, ఒకే పేజీ:
ఇవాళ్టి భోజనం.

వాన తెరిపిచ్చిన పూట నొల్బెర్తో వచ్చాడు.
పడవలు చేసే నొల్బెర్తో. పెళ్లి లేదు, పిల్లల్లేరు.
ఇదే బడిలో రెండో తరగతి మధ్యలో
పలక వదిలి ఉలి పట్టినవాడు.
టోపీ అయినా తియ్యకుండా గుమ్మంలోనే నిలబడి అన్నాడు:
"నిన్న బఠాణీల చారు అని రాశావు.
గాలి మా షెడ్డు వైపే వీచింది.
అవి చిక్కుళ్లు."

నిజమే, చిక్కుళ్లే.
వంటామె మార్చింది. నేను మార్చలేదు.

వేడిగా టీ పోసిచ్చాను.
నీకెందుకయ్యా ఇదంతా అనబోయి, నోరు నొక్కుకున్నాను.
గోళ్లలోని తారు గీరుకుంటూ ఆయనే చెప్పాడు:
"పిల్లలేం తింటారో నేనూ అదే వండుకుంటాను.
ఒక్కణ్నే కదా.
నిన్న బఠాణీలు నానబెట్టుకున్నాను.
మీతో కలవలేదు."

ఆ రోజు నుంచీ కాగితాలు పంచడం మానేశాను.
పొద్దున్నే వంటింట్లోకి వెళ్లి
కుండ మూత తీసి చూసి మరీ రాసేదాన్ని.

జూన్‌లో ఎదురు దీవి పిల్లల కోసం
నొల్బెర్తో చేసిన కొత్త లాంచీ నీళ్లలోకి దిగింది.
ఇక్కడ పడవలకి భార్యల పేర్లుంటాయి, పునీతుల పేర్లుంటాయి.
దాని ముక్కు మీద పసుపు రంగులో
మా బడి అడ్రసు, పొల్లు పోకుండా!
చుక్క మాత్రం రంగు కాదు, రాగి మేకు.
"రంగు చుక్క వానకి కారిపోతుంది" అన్నాడు.

నవ్వినవాళ్లు నవ్వారు.
సరంగు ఎలిసేయో మాత్రం నవ్వలేదు.
రోజూ ఏడింటికి రేడియోలో
హార్బరుకి పడవ పేరు చెప్పాల్సింది వాడు!
గొణుక్కుంటూ, అక్షరం అక్షరం, చుక్కతో సహా,
ఉప్పుగాలిలోకి చదివేవాడు.
వలలు లాగేవాళ్లు విన్నారు.
పంజరాల మీద కాఫీ కాచుకునే తండ్రులు విన్నారు,
వద్దన్నా, రోజూ, రెండుసార్లు.

అంకె ఇప్పుడెంతో నేను చూడటం లేదు. తీరిక లేదు.
రాగి మేకు అప్పుడే పచ్చబడుతోంది.
నిన్న రాత్రి తెప్ప మీంచి ఎవరో, పేరు రాయలేదు, అడిగారు:
"శుక్రవారం ఏం వండుతున్నారు? ఇంకా పెట్టలేదేం?"

కొంగలా బురద మీద అడుగులేసుకుంటూ
వానలో పడి
వంటామె ఇంటికి పోతున్నాను.