తాడు పట్టినోడు

మన్ననూరు చెక్‌పోస్టు దాటినంక ఫోన్లు చచ్చిపోయినయ్.
జీపుల నేను, ఇద్దరు టీచర్లు, ఒక హోంగార్డు,
నా ఒళ్లో పసిపిల్లలెక్క మిషను.

పెంటల ఓట్లు అరవై మూడు.
అందుల ఎనిమిది పేర్లు మట్టిల ఉన్నయని
కట్టెపుల్లతోని నేలమీద గీతలు గీసిండు చిగుర్ల నాగన్న.
ఒక్కో గీత కాడ ఆగిండు. పేరు మాత్రం పలకలే.

తెల్లారకముందే
ఉత్తుత్తి ఓట్లు యాభై నొక్కి, లెక్క చూసి, చెరిపి,
పురికొసతో కట్టి సీలేసినం.
ఏడింటికి మొదటి మనిషి ఈదమ్మ.
వేలు పట్టుకుంటే చెట్టు బెరడు పట్టుకున్నట్టే.
సిరా ఎక్కడ ఆగాల్నో తెల్వక
గోరు పగుళ్లల్ల దారి దేవులాడింది.

అట్టచాటుకు పోయింది. చప్పుడు లేదు.
నిమిషం. ఇంకో నిమిషం.
చాటుకెల్లే అడిగింది:
"సారూ, ఇది నొక్కితే ఏడ ఇనబడ్తది?"

ఢిల్లీల, అన్న.
ఒకప్పుడు గుండ్రటి ఇల్లు, ఇప్పుడు మూడు మూలలది.
ఐదువందల నలభై మూడుమంది కూసుంటరు.
పదకొండుకు ప్రశ్నలడుగుతరు, మంత్రి లేచి జవాబు చెప్పాలె.
వాళ్లు ఊ అనంది సర్కారు పైసా ఖర్చు పెట్టరాదు.
అవునన్నోళ్లు ఎక్కువైతే అవునే.
ఎనిమిదో తరగతి పాఠం అప్పజెప్పినట్టు చెప్పిన.
అంత మాట్లాడొద్దు నిజానికి. రూలు.

కూ... అని మోగింది మిషను.

బయటికొచ్చి కొంగు సదురుకుంది.
"మా అత్త కాలంల ఒక్కొక్కనికి ఒక్కో డబ్బా ఉండెనంట.
కాయితం డబ్బామీద పెట్టి, మొక్కి వచ్చిందంట ముసల్ది.
లోపలెయ్యాల్నని ఎవరు చెప్పలే.
అదిగాదు సారూ, తాడెవరు పడ్తరు?"

ఏం తాడు?

"సలేశ్వరం దిక్కు చరియకు తేనెపట్టుంటది.
నారతాడు మీద మొగోడు లోయలకు దిగుతడు.
పైన పట్టేది బావమరిదే.
తోడబుట్టినోనికియ్యం, యాల్ల బాగలేకుంటే చెయ్యి జారుతది.
బావమరిదైతే అక్క బొట్టు చూసుకుంట పడ్తడు.
మరి నువ్వు చెప్పిన ఇంట్లకు
వాణ్ణి మేం దింపినమా,
లేకుంటే తాడు వాని చేతుల ఉండి
లోయల ఉన్నది మేమా?"

నాగన్న నవ్విండు.
మల్లీశ్వరి టీచరు రాసేది ఆపి నా దిక్కు చూసింది.
పాఠంల ఆ ప్రశ్న లేదు.
"తరువాత" అని పిలిచిన, గొంతు పెద్దగ చేసి.

సాయంత్రానికి నలభై ఒకటి.
ఫారాలు నింపినం, సంతకాలు పెట్టినం.
చనిపోయిన ఎనిమిదిమంది
జాబితాల ఇంకా వరుసకే నిలబడున్నరు.

ఘాట్ మలుపులల్ల జీపు ఒరిగినప్పుడల్లా
హోంగార్డు నిద్రల నామీద పడుతుండె.
మిషను జారకుంట రెండు చేతులు అడ్డం పెట్టిన.
అచ్చంపేట దీపాలు కనబడ్డంక చూసుకున్న:
వేలికి గట్టిగ చుట్టుకొని ఉంది
సీలుకు కట్టిన పురికొస.