రెండో ఆట

డాంకాస్టర్ గోదాములో రాత్రి రెండింటికి
ఇరవై ఐదు నిమిషాలు మావి.
చేతులు కడగడానికి రెండు పోతే
కెటిల్ దగ్గర వరసకి నాలుగు,
మిగిలిన పంతొమ్మిదిలో
నలుగురం నాలుగు సినిమాలు తీస్తాం.

పెట్టె అగ్నీష్కాది.
మూల చిరిగితే పార్సిల్ టేపు అంటించింది.
లోపల నూట ఎనిమిది ముక్కలు:
దర్శకులు, తారలు, కథలు, వాన,
ఒక ఏనుగు, ఒక సముద్రం,
అప్పిచ్చేవాడొకడు
(బొమ్మ గీసినవాళ్ళు వాడికి మొహం పెట్టలేదు)
ఇంకా, సినిమా ముగిసిందని చెప్పే ముక్క ఒక్కటి.
అది దొరికినవాళ్ళ లెక్క రెట్టింపు.
నేను దాన్ని శుభం కార్డు అన్నాను మొదటిరోజు.
ఇప్పుడు అందరూ షూబమ్ అంటారు.

తలా ఏడు పంచుతాం.
ఒకటి ఉంచుకుని మిగతావి ఎడంపక్కకి జరపాలి.
అంతే ఆట.
ఉంచుకున్నది ఎవరికీ కనిపించదు,
జరిపింది పక్కవాళ్ళ సినిమా అయిపోతుంది.

ఇద్రిస్‌ది కార్డిఫ్ రేవు.
సముద్రం వస్తే చాలు, కథ లేకపోయినా తీసేస్తాడు.
అగ్నీష్కా చవక తారల్ని ఏరుకుంటుంది,
మూడుసార్లకి రెండుసార్లు గెలుస్తుంది,
గెలిచాక కప్పు కడుక్కుంటుంది.

క్లిఫర్డ్ నా కుడిపక్క.
ముప్పై ఏళ్ళు రైలుపెట్టెలకి రంగులేసిన మనిషి,
గోళ్ళకింద ఇంకా ఏదో ఎరుపు.
"షూబమ్ నా దగ్గరే ఉందమ్మడూ,
నువ్వు ఊరికే ఆయాసపడకు" అంటాడు ప్రతి ఆటలో.

నేను రమ్మీ ఇంట్లో పుట్టినదాన్ని.
విడిదింట్లో కూర్చుంటే
మా మేనమామ తాళికట్టే వేళకి కూడా లేచేవాడు కాదు.
ముక్క వదిలేటప్పుడు మొహం వదలకూడదే, అనేవాడు.

ఆ గురువారం
క్లిఫర్డ్ ముక్కలు జరుపుతూ
ఒక్క క్షణం ఆగాడు.
వేలు ఒకదాని మీద నిలిచింది.
నాకది చాలు.
అందులో మంచి కథానాయిక ఉన్నా వదిలేసి
ఆ వేలి కింది ముక్కే ఉంచుకున్నాను:
క్లాప్ కొట్టే కుర్రాడు. విలువ సున్నా.

ఐదో ముక్క దగ్గర బజరు మోగింది.
ఎవరివి వాళ్ళకి రబ్బరుబ్యాండు చుట్టి
చక్కెర డబ్బా వెనక పెట్టాం,
రేపు చూద్దాంలే అని.

శుక్రవారం ఆయన కుర్చీ మీద
ఎవరిదో కోటు.
ఏజెన్సీ ఆరుగురికి ఫోన్లో రెండు లైన్లు పంపిందట.
చివర థాంక్యూ కూడా పెట్టిందట.

వారం రోజులు ఆ కట్ట ముట్టుకోలేదు.
ఇద్రిస్ ఫోన్ చేస్తే మోగి మోగి ఆగింది.
చివరికి అగ్నీష్కానే రబ్బరుబ్యాండు తీసింది.

శుభం లేదు.
అది పంచని ముక్కల్లో
అట్టడుగున బోర్లా పడుంది.
అందరం దానికి భయపడే ఆడాం ఇన్నాళ్ళూ.

ఆయన ఉంచుకున్నవి:
లైట్లు మోసేవాడు,
గొడుగు పట్టేది,
టీలు అందించేవాడు,
పట్టాల మీద కెమెరా తోసేవాడు.
ఏనుగొకటి. ఎందుకో ఆయనకే తెలియాలి.

"పనివాళ్ళు ఐదుగురూ కలిస్తే ముప్పై,
ఒక్కడు తగ్గినా సున్నా,"
అగ్నీష్కా నియమాల కాగితం మడత విప్పి చదివింది.
అంత చిన్న అక్షరాలు మేమెవ్వరం చదవలేదు.

నా కట్ట విప్పాను.
ఇద్దరు తారలు, వెన్నెల రాత్రి, పేరున్న దర్శకుడు.
అన్నీ ఆయన వదిలితే నాకొచ్చినవే.
వాటి మధ్య పలక పట్టుకుని
నోరు తెరిచి నిలబడ్డ కుర్రాడు.

ముక్క ఎడంపక్కకే వెళ్ళాలి.
కుడిపక్కకి జరిపాను,
ఎవరిదో కోటున్న కుర్చీ ముందుకి.

"దొంగాట" అన్నాడు ఇద్రిస్,
లెక్క రాసే చీటీ మీద
క్లిఫర్డ్ పేరు కింద ముప్పై వేస్తూ.
ఇంకా ఆరు నిమిషాలున్నాయి.
అగ్నీష్కా పేక కలిపింది.