లెక్కలావిడ ఇచ్చే పుస్తకాలు

మాకు వేసవి జనవరిలో వస్తుంది.
ఎనిమిది వారాలు. అంతే.
ఆ ఎనిమిది వారాల సంపాదనని
మిగతా నలభై నాలుగు వారాలు కొరుక్కు తింటాయి.
దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకునే రకం బతుకు.

లా పలోమా ఒడ్డున గొడుగులు అద్దెకిస్తాను నేను.
ముప్పై ఒక్క గొడుగులు, యాభై ఎనిమిది కుర్చీలు.
కాళ్లు విరిగిన రెండూ నా లెక్కలోకి రావు,
లెక్కలావిడ మాత్రం వాటినీ రాస్తుంది.

ఎడెల్మిరా ఆవిడ పేరు.
పోస్టాఫీసు పక్క సందులో, ఫ్యాను లేని గదిలో కూర్చుని
ఊళ్లోని చిన్న కొట్లన్నిటికీ పద్దులు చూస్తుంది.
డిసెంబరు చివర తన బిల్లుతో పాటు
ఒక పుస్తకం కూడా చేతిలో పెడుతుంది.
"వేసవిలో చదువు" అంటుంది,
జోరువానలో బట్టలారెయ్యమని చెప్పినంత మామూలుగా.

వ్యాపారం గురించిన పుస్తకం ఒక్కటీ ఇవ్వదు.
నాచు బజ్జీలు వేసే అడెమార్‌కి ఉప్పు చరిత్ర ఇచ్చింది.
వాడు దాన్ని మూకుడు పక్కనే పెట్టుకుని
అరవయ్యో పేజీ దాకా నూనె పట్టించాడు.
ఇప్పుడు ఒక పేజీ చదువుతుంటే
వెనక పేజీ కూడా కనిపిస్తుంది.
"ఒకటి కొంటే ఒకటి ఉచితం" అంటాడు.

సైకిళ్లు బాగుచేసే ఒలెగారియోకి
చెవుడొచ్చిన గడియారాల మేస్త్రీ నవల.
చదవకుండానే చదివానన్నాడు.
ఆవిడ ఒక్క ప్రశ్న అడిగింది.
ఆ నెల రశీదులన్నీ వాడే
తేదీల వారీగా కుట్టి తెచ్చిచ్చాడు.

నాకేమో మంచుసముద్రానికి బయల్దేరే ఓడ కథ.
మూడేళ్ల నుంచీ చదువుతున్నాను.
బోణీకి ముందు నాలుగు వాక్యాలు,
మధ్యాహ్నం ఎండకి జనం పలచబడ్డాక ఇంకో రెండు.
గాలి నాకంటే వేగంగా చదువుతుంది.
నేను ఏడో పేజీలో ఉంటే అది నలభై దాటేస్తుంది.
అంచుల్లో నా రాతలు:
"కెప్టెన్ బిస్కెట్లు లెక్కపెడుతున్నాడు."
దాని కిందే:
"నీలం గొడుగు, సగం రోజు, బాకీ."
ఏది కథో ఏది చిట్టానో
ఈమధ్య నాకే తేలడం లేదు.

పోయిన మార్చిలో, ఊరు ఖాళీ అయ్యాక,
రొట్టెల కొట్టు సుల్మా తన పుస్తకం తిరిగిచ్చేసింది.
ఒక్క పేజీ కూడా నలగలేదు.
"మూసెయ్యడం ఎలాగో చెప్పేది ఉందా మీ దగ్గర?
తెరవడం గురించి అందరూ రాస్తారు."

ఎడెల్మిరా అలమర ముందు చాలాసేపు నిలబడిందట.
తర్వాత మాటే ఫ్లాస్కు చంకన పెట్టుకుని
సుల్మా వెనకే నడిచింది.
తెల్లారేదాకా పిండిబల్ల మీద రాశారు ఇద్దరూ:
ఎవరికెంత ఇవ్వాలి, ఎవరికి ముందివ్వాలి,
పొయ్యి ఎవరు కొంటారు,
పనికుర్రాడు నెబియోకి ఎవరు చెప్పాలి, ఏ మాటతో మొదలుపెట్టాలి.
రెండు పేజీలు. ఆఖరి వరుస:
"పిల్లి: ఎదుటి మందుల షాపు."

ఆ రెండు పేజీల జిరాక్సు
ఇప్పుడు కొట్టు నుంచి కొట్టుకు తిరుగుతోంది.
నాకొచ్చిన కాగితానికి చేప పొలుసు అంటుకుని ఉంది.
ఎవరూ దాని ఊసెత్తరు.
చదవనివాళ్లు లేరు.
నేనైతే గల్లాపెట్టె అడుగున దాచుకున్నాను,
చిల్లర దాని మీద పోస్తాను.

సుల్మా ఇప్పుడు బస్టాండులో టికెట్లు అమ్ముతోంది.
మొన్న కిటికీలోంచి లావుపాటి నవల ఎత్తి చూపించింది,
"సగమైంది!" అని అరుస్తూ,
నా వెనక వరసలో జనం విసుక్కుంటుంటే.

ఇవాళ గాలి తక్కువ.
పదకొండో పేజీ.
ఓడ ఇంకా రేవులోనే ఉంది.
తాళ్లు విప్పమని చెప్పడానికి
కెప్టెన్ నోరు తెరిచాడు.

"రెండు కుర్చీలు, ఒక గొడుగు.
సాయంత్రం నీడ ఎటు పడుతుందండీ?"

పేజీలో వేలుంచి
లేచాను.