కలకీ కళకీ మధ్య

రాయదుర్గంలో తొమ్మిదో అంతస్తు.
గ్రంథాలయం జాబితా వరసపెట్టే పని నాకిచ్చి
"సార్టే కదా, సాయంత్రానికి అయిపోద్ది" అన్నాడు మేనేజరు.
అయిపోయింది కూడా.
నలభై వేల పేర్లు రెప్పపాటులో
తలవంచుకుని లైన్లో నిలబడ్డాయి.

యంత్రానికి అక్షరాలు తెలియవు.
వాటి మెడలో వేలాడే నంబరు బిళ్ళలు తెలుసు.
ఏబీసీలు ముందు బెంచీలో,
అలిఫ్ బే పేలు వాటి వెనక,
మన అ ఆలు ఇంకా వెనక.
ఎవరూ ఎవరినీ తోసుకోలేదు.
సిటీ బస్సులో ఎన్నడూ చూడలేదు ఇంత మర్యాద.

తప్పులు పట్టడానికి వచ్చినాయన వజీహుద్దీన్ సాబ్.
అఫ్జల్‌గంజ్‌లో ముప్పై నాలుగేళ్ళు
చెక్క సొరుగుల్లో కార్డులు సర్దిన వేళ్ళు.
కుడి నుంచి ఎడమకి చదివే గోడ ఒకటి,
ఎడమ నుంచి కుడికి చదివే గోడ ఒకటి,
నడుమ స్టూలు మీద ఆయన.
దో చష్మీ హే లాంటి కళ్ళద్దాలు పైకి తోసుకుని
తెర మీద వేలుపెట్టి మెట్టు మెట్టూ దిగుతూ
ఒకచోట ఆగిపోయాడు.

"కల పక్కనే కళ కూసుంది. ఎట్ల?"

రెంటివీ పక్కపక్క నంబర్లని చెప్పాను.

"నంబరు నీది బేటా. చదివేటోనికెందుకు?
ళ కావాల్నంటే వాడు హ దాటి పోతడు.
ఆడ లేకుంటే
పుస్తకమే లేదనుకొని ఇంటికి పోతడు."

వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు:
కల. దాని తర్వాత కవిత. కష్టం.
ఆ తర్వాత కసి.
"గివన్నీ దాటినంకనే కళ.
నువ్వు అడ్డదారిల తోలుకొచ్చినవ్."

నవ్వాను.
కాసేపటికి నవ్వు ఆగిపోయింది.

ఆ రాత్రంతా సున్నతో కుస్తీ.
యంత్రం లెక్కలో నిండుసున్న అన్నిటికన్నా ముందు,
అందుకే కంచం వచ్చి
కడవ కంటే, కాగితం కంటే ముందు కూర్చుంది.
దాన్ని కౌ తర్వాతకి పంపమన్నాడు సాబ్.
పంపాను గానీ,
క్యాంటీను మూసేసిన ఆ వేళప్పుడు
కంచం ముందుండడం నాకేమంత తప్పనిపించలేదు.

క్ష దగ్గర మాకిద్దరికీ చెడింది.
కకి షవత్తు, క ఇంట్లోనే ఉండాలని నేను.
పలక మీద దాని చోటు ళ పక్కన, అని ఆయన.
నిఘంటువులు తెరిస్తే అవీ రెండు జట్లు.
రెండు చాయ్‌లు చల్లారాక
క్షమ కోసం ఎవరు ఎటునుంచి వచ్చినా దొరికేలా
రెండు చోట్లా తలుపు పెట్టాం.

ఇక ఱ.
"బండి ఱ ఇప్పుడెవరు రాస్తున్నారు?" అన్నాను.
"మాకు బడీ యే. అదీ ఆఖరే," అన్నాడు.
"రాసినా రాయకున్నా
కడాకు ఒకరుండాలె గదా,
తలుపేసేటందుకు."

పాత ఉద్యోగుల పట్టికలో ఆయన పేరు వెతికాను.
ఇంగ్లీషులో డబ్ల్యూ, ఉర్దూలో వావ్, తెలుగులో వ.
ఏ భాషలో వరసపెట్టినా అడుగునే.
"బడిల నా హాజరు పిలిచేటాళ్ళకు గంట కొట్టేటోళ్ళు.
రేషన్ల నా వంతుకు గ్యాస్‌నూనె అయిపోయేది.
అందుకే కార్డుల నౌకరీ పట్టిన," అని
గ్లాసు అడుగున మిగిలిన చక్కెర వేలితో తీసుకున్నాడు.

చివరి మెట్రోలో ఇంటికి పోతూ
ఫోన్‌లో కల అని కొట్టి
బొటనవేలితో కిందికి జరుపుతున్నాను.
యూసుఫ్‌గూడ దగ్గర కవిత.
అమీర్‌పేట నుంచి రసూల్‌పుర దాకా ఒట్టి కష్టం.
మెట్టుగూడలో కసి, కొంచెమే.
తార్నాకలో సగం బోగీ దిగిపోయింది.
హబ్సిగూడలో తలుపులు తెరుచుకుని,
ఎవరూ ఎక్కకుండానే, మూసుకున్నాయి.

హ దాటాను.
వేలు ఇంకా కిందికే జరుగుతోంది.