పొడి స్పాంజి

ముందు నీళ్లు తగలనివ్వొద్దన్నాడు పెయింటర్ ఎట్టియప్పన్.
తడి తగిలితే మసి గోడలోకి ఇంకిపోతుందట.
పొడి స్పాంజితో పైనుంచి కిందికి
ఒక్క వైపే లాగాలి.
కడిగేటప్పుడు మాత్రం కిందినుంచి పైకి.
ఈ లెక్క మూడో రోజుకి గాని నా చేతికి పట్టుబడలేదు.

చాకలిపేటలో రెండో అంతస్తు.
మంట హాల్లో ఓ మూలన పన్నెండు నిమిషాలే ఉంది.
పొగ మాత్రం ఇల్లంతా తిరిగి
మేమెప్పుడూ చూడని చోట్లన్నీ చూసొచ్చింది.
ఫ్యాను రెక్కల వీపు, స్విచ్చిబోర్డు కడుపు,
బిగించి మూత పెట్టిన డబ్బాలో మెంతులు,
హైమ పట్టుచీర నాలుగో మడత.

గిన్నెల్లో వెనిగర్ పోసి గదికొకటి పెట్టాం.
పరుపు మీద వంటసోడా చల్లాం, దులిపాం, మళ్లీ చల్లాం.
బొగ్గులు గుడ్డలో మూటగట్టి బీరువాలో వేలాడదీస్తే
"కాలిన కంపుకి కాలిందే మందా" అని
హైమ నవ్వింది,
ఆ రాత్రి తర్వాత మొదటిసారి.

పొద్దున్నే పోయినట్టే ఉంటుంది.
నాలుగింటికి హార్బరు వైపునుంచి గాలి మళ్లుతుంది,
గోడలకు చెమట పడుతుంది,
మధ్యాహ్నం పడుకున్న మనిషిలా
వాసన లేచి కూర్చుంటుంది.
అందరం ముక్కులు ఎగబీలుస్తాం.
స్కూటర్ బ్యాటరీని రాత్రంతా ఛార్జింగులో వదిలిందెవరని
ఎవరూ అడగరు.
ఇంట్లో స్కూటర్ నాదొక్కటే.

మా అత్తగారు తాయారమ్మకి
ఆ జ్వరాల ఏడాది పోయిన వాసన తిరిగి రాలేదు.
చారులో ఇంగువ ఎంత పడిందో ఆమెకి తెలీదు,
మాకు తెలుస్తుంది.
ఇప్పుడీ ఇంట్లో కంటినిండా నిద్రపోయేది ఆమె ఒక్కతే.

నిన్న ఓనరు షణ్ముగం వచ్చి
గుమ్మంలోనే తువ్వాలు ముక్కుకడ్డం పెట్టుకుని
అడ్వాన్సు సంగతి ఎత్తబోయాడు.
మా అందరికంటే మంచి అరవంలో ఆమె చెప్పింది:
దీపం పెట్టి కునుకు తీశానయ్యా,
ముసలిదాన్ని, కర్టెను అంటుకుంది.

ఆ మూలలో దీపం ఎప్పుడూ లేదు.
ఉన్నది ప్లగ్గే.

నేను స్టూలు మీద నిలబడి ఉన్నాను.
దిగలేదు.

అతను వెళ్లాక ఆమె స్టూలు కాలు పట్టుకుంది, కదలకుండా.
"ఇంకా వస్తోందా?"
"వస్తోందత్తయ్యా."
"ఎక్కణ్ణుంచి?"

స్పాంజి తిప్పాను.
రెండోవైపూ నల్లగానే ఉంది.